ఇనుము నూనెకు మరిగేదాకా

మా వంటింటి కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు. గాలివాన వచ్చినప్పుడల్లా జల్లు లోపలికి కొట్టి పొయ్యి గట్టు తడుస్తుంది. రోజూ వంట జరిగే రోజుల్లో ఆ తడి మధ్యాహ్నానికల్లా ఆరిపోయేది. నా భార్య పోయాక కొన్నాళ్లు నేనే వండుకున్నాను. తరవాత టీ ఒక్కటే పెట్టుకునేవాణ్ణి. తరవాత టీ కూడా వీధి చివర బడ్డీలోనే. భోజనం మెస్సు నుంచి క్యారేజీలో వచ్చేది. పొద్దున్నే అచ్యుతాపురం కంపెనీల బస్సులు సందు మొగలో జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోతాయి. అక్కణ్ణుంచి క్యారేజీ వచ్చేదాకా ఈ ఇంట్లో చప్పుడంటే నేను పేపరు తిప్పే చప్పుడే.

పొయ్యి పాడైపోతోందని నేను గమనించలేదు. ఊరి సంగతులన్నీ గమనించి పేపరుకు రాయడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి, వంటింట్లో రోజూ మంచినీళ్లు ముంచుకుంటూ కూడా చూడలేదు. చూసింది మరదలు, అంటే నా భార్య చెల్లెలు. ఉప్మాక దగ్గర పల్లెలో చెరుకు, వరి పండించుకునే ఇల్లు వాళ్లది. ఊళ్లో పనిమీద వచ్చి, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి, అక్కణ్ణుంచే కేకేసింది.

"ఏటి బావా ఇది! పొయ్యి తుప్పట్టీసినాది. ఇంట్లో మనిసున్నాడా నేడా?"

వెళ్లి చూశాను. గిన్నె నిలబెట్టే ఇనప స్టాండ్లు రెండూ ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. అవి పోత ఇనుమువి. గుండ్రటి చట్రం, లోపలికి చాచిన నాలుగు వేళ్లు. స్టవ్వుతో వచ్చిన రేకు స్టాండ్లు పెద్ద గిన్నెకు ఊగుతున్నాయని నా భార్య వాటిని పారేసి, బజారంతా తిరిగి కొన్నవి.

"ఎలాగూ వండుకోవు. స్టవ్వు నాకిచ్చీ. మా గుంటకి అచ్చితాపురంలో ఉజ్జోగం, గదిలో కాపరం. ఆళ్లకి పనికొత్తాది," అంది మరదలు, కూతురి సంగతి చెబుతూ.

"తీసుకెళ్లు," అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో తెలియదు. అని, వెంటనే, "ఈ తుప్పుతో వద్దు. శుభ్రం చేసి ఉంచుతాను. ఆదివారం రా," అన్నాను.

"నువ్వా? సేసేవులే!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. మా ఇంట్లో ఏ లోహానికి మెరుగు తగ్గినా మందు ఒక్కటే, చింతపండు. ఇత్తడి కుందులు, రాగి చెంబు, దేవుడి పళ్లెం, అన్నిటికీ నా భార్య చింతపండే పట్టించేది. నేనూ గుప్పెడు చింతపండు బకెట్లో పిసికి స్టాండ్లు రెండూ అందులో ముంచాను. పొద్దున చూస్తే నీళ్లు సిరాలా నల్లబడ్డాయి. పైకి తీసి తోమితే తుప్పు పోయి బూడిదరంగు ఇనుము బయటపడింది. నాకు నేనే భేష్ అనుకుని గట్టు మీద బోర్లించి బడ్డీకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పసుపు కలిపిన ఎరుపులో కొత్త తుప్పు లేచింది, ముందున్న దానికన్నా ఎక్కువగా.

మరదలికి ఫోన్ చేశాను. అటునుంచి నవ్వు ఆగలేదు.

"సింతపండెట్టేవా! దేవుడికీ పొయ్యికీ ఒకటే మర్యాద సేసేవన్నమాట."

"నవ్వింది చాలు. ఏం చెయ్యాలో చెప్పు."

"మల్లీ గీకీ. నీల్లతో ఒగ్గీకు, మంట మీదే ఆరబెట్టు. ఏడిగా ఉన్నప్పుడే నూనె రాయి. రాసింది రాసినట్టే తుడిసీ. మల్లీ మంటెట్టు. పొగొత్తాది, బయపడకు. అలగ సేత్తా ఉంటే మరుగుద్ది."

"నూనె మరగాలా?"

"నూనె కాదు బావా, ఇనుం. ఇనుం నూనెకి మరగాల. కొత్త గేది మన సేతికి మరగదా? అలగ."

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. కొత్త పెనం కొన్న రోజుల్లో నా భార్య అట్టు తిరగేస్తూ, "ఇంకా మరగలేదు," అనేది. పెనం ఇంకా వేడెక్కలేదంటోందని అనుకునేవాణ్ణి. పొగ వస్తుంటే వేడెక్కకపోవడమేమిటి అని ఒక్కసారైనా అడగలేదు. ఇక్కడి మాటలు పేపరులో పడేటప్పుడు సరిచేయడం ఎన్నో ఏళ్లు నా పని. ఈ ఒక్క మాట మా ఇంట్లోనే ఇన్నాళ్లు తిరిగినా దాని అర్థం నాకు ఇప్పుడు తెలిసింది. తెలిసిందని చెప్పడానికి పక్కన మనిషి లేదు.

స్టీలు పీచుతో గీకడం మొదలుపెట్టాను. చట్రం మీది తుప్పు తేలిగ్గానే వచ్చింది. వేళ్ల కింద, మలుపుల్లో, ఏళ్లనాటి పాలపొంగులూ గంజీ పులుసూ మాడి గట్టిపడి ఉన్నాయి. చాకు మొనతో పెళ్లలుగా ఊడదీశాను. ఎడమ పొయ్యి స్టాండు మీదే అవి ఎక్కువ. పాలు నా భార్య ఎప్పుడూ అటే పెట్టేది. పొంగేముందు హాల్లో ఉన్న నన్ను పిలిచేది. నేను లేచి వెళ్లేసరికి ఎలాగూ పొంగేవి.

ఇంట్లో వంటనూనె లేదు. దీపాలకు ఉంచిన నువ్వుల నూనె ఉంది. పాత బనీను ముక్కతో రాశాను. తుడవమన్న మాట మరిచి దట్టంగా వదిలేశాను. మంట పెడితే ఇల్లంతా పొగ. చల్లారాక పట్టుకుంటే చేతికి బంకలా అంటుకుంది. మళ్లీ గీకి, మళ్లీ ఆరబెట్టి, ఈసారి రాసింది రాసినట్టు తుడిచాను. ఇనుము మీద నూనె ఉందా లేదా అన్నట్టు ఉండాలి, అంతే. పొగ లేచి తగ్గాక చూస్తే గోధుమరంగు తిరిగింది. ఇంకోసారి రాశాక ముదురు రంగు. పట్టకారుతో తిరగేసి అడుగు వైపు కూడా కాల్చాను.

మర్నాడు మళ్లీ అదే పని. ఇనుము నల్లబడుతోంది గానీ, పైన ఏమీ లేకుండా పొయ్యి అలా మండుతుంటే నిలబడి చూడలేకపోయాను. ఎవరి కోసమో వెలిగించి వాళ్లు రాకుండా పోయినట్టుంది. పొగ పూర్తిగా తగ్గాక ఒక గిన్నెడు నీళ్లు పెట్టాను. ఊరికే, మంట మీద ఏదో ఒకటి ఉంటుందని. కాసేపటికి ఎసరు మరిగింది. మూత ఎగిరెగిరి పడుతుంటే, చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో నేను చేయని చప్పుడు ఒకటి విన్నాను. పొయ్యి ఆపి, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్లి కిలో బియ్యం తెచ్చాను. ఆ పూట అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాను. అన్నం కొంచెం పలుకుగానే దిగింది. మెస్సుకు ఫోన్ చేసి క్యారేజీ వద్దన్నాను.

"ఊరెల్తన్నారా మేస్టారూ?" అన్నాడు మెస్సు అతను.

"లేదు. ఇంట్లోనే."

శనివారానికి స్టాండ్లు రెండూ నల్లగా, జిడ్డు లేకుండా నిగనిగలాడాయి. నీటి చుక్క వేస్తే ముత్యంలా జారింది. మరదలికి చూపించాలని ఉంది. చూపిస్తే పట్టుకెళ్లిపోతుంది. శనివారం అంతా నేను చేసింది ఆ ఆలోచనే. ఇస్తానన్నది నేనే. స్టవ్వు తీసుకుపోతే మళ్లీ క్యారేజీ, మళ్లీ బడ్డీ. సోమవారం నుంచి ఆ వంటింట్లోకి వెళ్లే పనే ఉండదు.

ఆదివారం మరదలు ఆటో మాట్లాడుకుని వచ్చింది. ఆటో అతన్ని సందులోనే ఆగమని, బెల్లం దిమ్మ ఉన్న సంచీతో లోపలికి వచ్చింది. పొయ్యి మీద అన్నం ఒకవైపు, బెండకాయ పులుసు ఒకవైపు ఉడుకుతున్నాయి.

"ఓలమ్మో! వండేవేటి?"

"కూర్చో. తిందాం."

తింటూ, "పులుసులో ఉప్పు మర్సిపోయేవు," అంది. మళ్లీ వేసుకుని తింది. చేతులు కడుక్కున్నాక అప్పుడు చెప్పాను. "స్టవ్వు ఇవ్వలేను. మాట తప్పుతున్నాను. అమ్మాయికి కొత్తది కొనిస్తాను."

ఆమె చెయ్యి తుడుచుకుంటూ ఆగిపోయింది.

"కొత్తది మేం కొనుక్కోలేక అడిగేననుకున్నావా?"

నేను కంచాలు తీయబోయాను.

"గుంట గదిలో కరెంటు పొయ్యుంది. అలగ సెప్పేనంతే. అక్క సీరలు అందరూ తలోటీ పట్టుకెల్లేరు. నాను ఒక్కటీ ముట్టనేదు, ఆరోజు సూడబుద్దవ్వనేదు. ఇది అక్క రోజూ ముట్టుకున్న సామాను కదా, మూలనడి తుప్పట్టీకన్నా నా కళ్లెదురుగా ఉంటాదని..." అని ఆపేసింది.

బయట ఆటో అతను హారన్ కొట్టాడు.

మరదలు వంటింట్లోకి వెళ్లింది. పులుసు గిన్నె గట్టు మీదికి దించి, ఎడమ పొయ్యి స్టాండును కొంగుతో పట్టుకుని పైకి ఎత్తింది. అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో రాసి వాసన చూసింది.

"బాగా సేసేవు బావా. ఇదొక్కటీ పట్టుకెల్తాను. మా కర్రల పొయ్యి మీద సిన్న గిన్నె నిలవదు, దీన్నెడితే నిలుత్తాది."

"మరి ఆ పొయ్యి?"

"ఒక్కడివి. రెండు పొయ్యిలేటి సేసుకుంతావు?"

మామూలుగా అన్న మాటే. అన్నాక ఆమెకే ఎలాగో అయినట్టుంది, నా వంక చూడలేదు. నేను పాత పేపర్లు తెచ్చి, ఇంకా వేడి ఆరని ఆ ఇనుమును రెండు మడతలుగా చుట్టి ఇచ్చాను. ఖాళీగా తీసుకెళ్లడానికి అంత ఆటో ఎందుకని డ్రైవరు గొణిగాడు. ఆమె అతనికి ఏదో జవాబు చెప్పి, పొట్లాం ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

రాత్రి భోజనానికి కుడి పొయ్యి మీద ముందు అన్నం వండుకున్నాను. అది దించి, మిగిలిన పులుసులో ఉప్పు వేసి అదే పొయ్యి మీద పెట్టాను. పులుసు కాగేసరికి అన్నం చల్లారింది.