నీలమ్మ పేరు మీద ఎదురుపాట

రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పాయింట్స్‌మన్‌గా చేశాను. నా మీద ఒక్క చార్జిషీటు లేదు. జోగిపేట దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి చదివి వచ్చినవాణ్ణి. అయినా నేను రాసిన లాగ్‌బుక్కు చూసి ఆఫీసర్లు మెచ్చుకునేవారు. మా చర్చిలో ముప్పై ఒక్క క్రిస్మసులకు గిటారు వాయించాను. పదకొండు మందికి నేర్పాను, వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు దానిమీదే బతుకుతున్నారు. ఇవన్నీ నా నోటితో నేనే చెప్పుకోవలసి వస్తోంది, ఇంట్లో చెప్పేవాళ్ళు వేరే ఎవరూ లేరు. నా పేరు ఆనందరావు. ఫలక్‌నుమా స్టేషన్ వెనక మేడమీద రెండు గదుల ఇల్లు. మాకు పిల్లలు కలగలేదు. నా భార్య నీలమ్మ పోయి మూడేళ్ళయింది.

కిందటేడు వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కాలు మళ్ళీ స్వాధీనమైంది గానీ ఎడమచేతి వేళ్ళు మూడు మడత పడడం లేదు. ఎడమచెయ్యి లేనివాడికి గిటారుతో పనేముంది. చర్చిలో కీబోర్డు పెట్టారు. పాస్టరుగారు నన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. గౌరవంగానే ఉంటుంది, పక్కన మాత్రం ఎవరూ కూర్చోరు.

గోడకు తగిలించుకుంటామని ఇద్దరు గిటారు అడిగారు. ఇవ్వలేదు. వాయించే చేతికే పోవాలని నా పట్టు. కింది వాటాలో బట్టలు కుట్టే బేబీ అది విని నవ్వింది.

"దాన్ని పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతవా బాపు? ఆన్‌లైన్‌ల వేలం పెడ్త. ఎవలకు గావాల్నో వాళ్ళే పాడుకుంటరు."

"వేలం సంగతి నాకు నేర్పుతవా? కోతల పండుగకు ఇరవై రెండేండ్లు వేలం చెప్పిందెవరు?"

"నువ్వే. మా అమ్మ తెచ్చిన సొరకాయను మా నాయనతోనే ఐదు నూర్లకు కొనిపిచ్చినవ్. ఇంటికొచ్చినంక మస్తు లొల్లి."

అది నిజమే. కోతల పండుగనాడు పెరట్లో కాసింది, వంటింట్లో చేసింది తెచ్చి అందరూ బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేసి, వచ్చింది చర్చికి ఇస్తారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మొదటి పాట తెచ్చినవాళ్ళ ఇంటిదే. బయటివాళ్ళు పెంచితే ఇంటివాళ్ళు రెండుసార్లు ఎదురు పాడతారు. తమ వస్తువును తేలికగా వదలలేదని నలుగురికీ తెలియాలి గదా. మూడోసారి నవ్వి వదిలేస్తారు.

బేబీ ఫోటోలు తీసి, నా ఫోనులో నా పేరునే ఏడు రోజుల గడువుతో గిటారును వేలానికి పెట్టింది. మూడు రోజులు ఒక్కరూ పాడలేదు. ఫోను తెరిచి చూడడం, మూయడం, ఇదే నా పని. నాలుగో రోజు పొద్దున నీలమ్మ ఫోను తీశాను. దానికి ఇప్పటికీ రీచార్జి చేయిస్తున్నాను. ఆమె పేరున ఖాతా తెరిచి, మొదటి పాట పాడాను.

ఆ మధ్యాహ్నమే ఖమ్మం నుంచి కృపాకర్ అనే ఆయన రాశాడు. కాలేజీలో ల్యాబ్ అటెండరట. గిటారు మెడ వంగిందా, తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి అని అడిగాడు. ఒకసారి వినిపించమన్నాడు. కుడిచేత్తో ఒట్టి తీగలు మీటి పంపాను.

"మూడో తీగ శ్రుతి కొంచెం దిగింది కదండీ" అని వెంటనే రాశాడు.

దిగిన సంగతి నాకు తెలుసు. ఆయనకు తెలుస్తుందో లేదో చూద్దామనే అట్లా పంపాను. ఇక గిటారు ఈయనదే అనుకున్నాను.

మొదటి పాట మీద ఆయన పెంచాడు. నేను నీలమ్మ పేరున ఎదురు పాడాను. ఆయన మళ్ళీ పెంచాడు. ఈ మధ్యలో డ్యూటీకి పోయేముందు ఒకటి, అన్నం తినే వేళ ఒకటి రాసేవాడు. నా శిష్యుల సంగతి రాస్తే పదకొండు మంది పేర్లూ అడిగాడు. నీలమ్మ పోయాక నన్ను అన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు.

ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి గడువు. బేబీ మిషను ఆపి పైకి వచ్చింది. ఐదు నిమిషాలుందనగా నేను నీలమ్మ ఫోనులో రెండో ఎదురుపాట పాడాను. బేబీ రెండు ఫోన్లూ చూసింది.

"గా నీలమ్మ నువ్వేనా? నీ గిటారును నువ్వే గుంజుకుంటున్నవేంది బాపు?"

"పద్ధతి అది. ఇప్పుడాయన ఒక్కసారి పెంచుతడు, మనం వదిలేస్తం. గంతే."

"మన చర్చి పద్ధతి ఖమ్మపాయనకెట్ల ఎరుక?"

చర్చిలో అయితే వస్తువు పైకెత్తి పట్టుకుని, వెనకాడేవాడి మొహం చూస్తూ, 'మూడోసారి' అనకుండా ఎంతసేపైనా ఆగేవాణ్ణి. ఫోనులో అంకెలు ఆగలేదు. మూడయింది. నీలమ్మగారికి అభినందనలు అని వచ్చింది.

కాసేపటికి కృపాకర్ రాశాడు: "నా శక్తి అంతవరకేనండీ. నీలమ్మగారు ఎవరో గానీ బాగా వాయిస్తారనుకుంటాను."

బేబీ చాలాసేపు ఫోనులో వెతికి ఒక దారి కనిపెట్టింది.

"కొన్నామె మాట తప్పిందని ఒక్క బటన్ కొట్టు. సైటోళ్ళే రెండో మనిషిని అడుగుతరంట. గిటారు ఖమ్మం పోతది."

"ఎవరు మాట తప్పింది?"

"ఉత్త పేరే గదా బాపు. ఎవలు జూస్తరు?"

చర్చి మహిళా సమాజం డబ్బుపెట్టె తాళంచెవి పందొమ్మిదేళ్ళు నీలమ్మ కొంగుకే ఉంది. ఆమె పేరు పక్కన ఆ మాట నా చేత్తో పెట్టలేకపోయాను.

కృపాకర్‌కు నిజం రాశాను. సర్వీసులో ఎన్నడూ తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసినవాణ్ణి కాదు, గంట పట్టింది. నీలమ్మ నా భార్య, ఇప్పుడు లేదు, ఆ పాటలు నేను పాడినవే అని రాశాను. మీకు తోచింది ఇచ్చి తీసుకుపొండి, ఊరికైనా సరే అని ఇంటి గుర్తులు ఇచ్చాను. ఆయన చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. సైటువాళ్ళకూ అదే రాశాను. అమ్మేవాడే పాట పాడకూడదట, మర్నాటికి నా ఖాతా, నీలమ్మ ఖాతా రెండూ మూసేశారు. ఆయన రాసిన మాటలన్నీ వాటితోనే పోయాయి.

ఇంకో సైటులో పెడదామని బేబీ అంటోంది. వద్దన్నాను. ఆదివారం ఆరాధన కాగానే ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చేస్తున్నాను. కృపాకర్‌కు సెలవు ఆ రోజే.