బాలింత పళ్లెంలో పప్పు

మా అమ్మాయికి పురుడైనప్పటి నుంచి మా వంటింట్లో ఐస్‌క్రీం బండి బోల్తా కొట్టినట్టు ఒకటే వెనీలా వాసన. ప్రోటీన్ పొడి డబ్బా మూత తీయడం, సీసాలో నీళ్లు పోసి గిలక్కొట్టడం, ముక్కు మూసుకుని మింగడం, ఇదీ ఆ మహాతల్లి భోజనం. అన్నం తింటే కార్బ్సట, నెయ్యి వేస్తే కొవ్వట. నెల తిరిగేసరికి నడుము సన్నబడాలని ఫోన్లో ఎవతో చెప్పిందట. పక్కగదిలో పసిగుడ్డు పాలు చాలక గుక్కపట్టి ఏడుస్తుంటే, ఈ సీసా చప్పుడుకు నాకు ఒళ్లు మండిపోతుంది.

ఈ ఏడుపు నేను చిన్నప్పుడు విన్నదే. మా నాన్నది బొగ్గుబాయిలో పని. ఇల్లందులో క్వార్టర్లో ఉండేవాళ్లం. తమ్ముడు పుట్టినప్పుడు ఇంట్లో పెత్తనమంతా మా మేనత్తది. ఆమె చదివిన శాస్త్రం లేదు, చెప్పని శాస్త్రమూ లేదు. పథ్యమంటూ అమ్మకు పూటకో ముద్ద పాతబియ్యం అన్నం, దాని మీద చుక్క నూనె తగలని వెల్లుల్లి కారం. పప్పు పెడితే వాతమట, నూనె పెడితే దగ్గట, గుడ్డు పేరెత్తితేనే పాపమట. తాను మాత్రం గుమ్మంలో కూర్చుని కోడికూర ఎముకలు చీకుతూ అమ్మ పళ్లేనికి కాపలా కాసేది. అమ్మ బుగ్గలు లోపలికి పోయాయి, పాలు ఇంకిపోయాయి, తమ్ముడి ఏడుపు పిల్లికూన కూతంత అయింది.

అప్పుడు టేకులపల్లి అవతలి అడవి పల్లె నుంచి మా నాయనమ్మ దిగింది. వేసవిలో ఆమె ఊరికి వెళితే గాలంతా ఇప్పపూల తియ్యటి మత్తు. ఆ పూలను దోరగా వేయించి, నువ్వులు కలిపి రోట్లో దంచి ఉండలు చేసిపెట్టేది. వానలు పడితే పుట్టగొడుగుల కూర, బోడకాకర వేపుడు. చలికాలం పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెడితే కుండ ఖాళీ అయ్యేదాకా పిల్లలం కదిలేవాళ్లం కాదు. అలాంటి మనిషి కందుల మూట దించి, కోడలి పళ్లెం చూసి, సొంత కూతురి మీదికే లేచింది.

"గేదె ఈనితే ఉలవలు ఉడకబెట్టి పెడ్తం గదనే! నా కోడలు గేదెకన్న తక్కువైందా?"

"పప్పు పెడ్తే పిలగానికి వాతం జేస్తదే అమ్మా!" అంది మేనత్త.

"పాలే లేకపోతే వాతమెక్కడిదే? లెవ్వు, పొయ్యి అంటువెట్టు."

ఆ పూట నుంచి అమ్మకు కడుపునిండా అన్నం, దాని మీద చిక్కటి కందిపప్పు, నువ్వులనూనె ధార, పక్కన గుడ్డు. వారం తిరక్కుండానే తమ్ముడు పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయాడు. మేనత్త మూతి ముడుచుకుని బస్సెక్కింది. ఆగమని ఎవరూ అనలేదు.

సత్తువకు అన్నం, కండకు పప్పు, ఆ రెండూ ఒంటబట్టడానికి నూనె. ఒంటికి మూడూ కావాలి. ఈ ముక్క చెప్పడానికి ఇంత తతంగమా? ఒకదాన్ని దేవుణ్ణి చేసి ఇంకోదాన్ని దయ్యాన్ని చేసే మేధావులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మేనత్త పప్పు మీద పగబట్టింది, వీళ్లు అన్నం మీద పగబట్టారు. ఎండిపోయేది మాత్రం బాలింతలే.

నాయనమ్మ పోయింది. ఆమె పెరటి వెనక ఇప్పచెట్లూ పోయాయి; ఇప్పపూల ఉండలంటే మా అమ్మాయికి తెలియనే తెలియదు. ఇవాళ అన్నంలో పప్పు కలిపి ఆమె ముందు పెట్టాను.

"దీంట్ల కార్బ్స్ ఎంతుంటయమ్మా?"

"గేదె అడగదు బిడ్డా ఆ మాట. తిను."

అలిగి గోడవైపు తిరిగింది. పక్కగదిలో పసిది మళ్లీ ఏడుపందుకుంది. కాసేపు విని, కళ్లు తుడుచుకుని, పళ్లెం దగ్గరికి లాక్కుని పెద్ద ముద్ద తీసుకుంది నా కూతురు.

"నెయ్యేదమ్మా?" అంది.