రాచర్ల కుక్కకు రెండుసార్లు కోత

మద్రాసు రాజధాని రోజుల్లో నేను గిద్దలూరు పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. ఆ ఏడు ఊరూరా పశువులకు పెద్దరోగం. పొద్దున్నే సైకిలెక్కి టీకాలు వేయడానికి పోతే తిరిగొచ్చేసరికి భుజాలు పడిపోయేవి. ఒకరోజు అట్లాగే వచ్చి, చెప్పులైనా విడవకుండా బల్ల మీద కూలబడ్డాను. వరండాలో రాచర్ల నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన, పక్కన నల్లటి ముసలి కుక్క.

"తోక కింద ఏందో గడ్డ లేచింది సారూ. ఈగలు నిలవనీయడం లే."

"ఎన్నాళ్లయింది పెద్దాయనా?"

"పోయిన ఎండల్లో శనగ్గింజంత ఉండె. జీడిగింజ రసం పెట్టినాం, వాత పెట్టినాం. పోలే."

తోకెత్తి చూశాను. ఆసనం పక్కన నిమ్మకాయంత గడ్డ, పైన చితికి రసి కారుతోంది. వేళ్లతో పట్టి కదిలించాను. చర్మంతోపాటే కదిలింది, లోపలికి అంటుకోలేదు. గజ్జల్లో బిళ్లలు కట్టలేదు. ఆ చోట చర్మంలో ఉండే గ్రంథులు ముసలి మగకుక్కలకు ఇట్లా గడ్డకడతాయి. ఎక్కువగా ప్రాణం తీసేవి కావు. గడ్డతోపాటు విత్తులు, అంటే వృషణాలు కూడా తీసేస్తే మళ్లీ రావంటారని చెప్పాను.

ఆయన మొహం మారిపోయింది. "విత్తులు తీస్తే మెత్తబడిపోతాది సారూ. మందమీదికి తోడేలొస్తే ఎవురు ఎదురుపోతారు? గడ్డ ఒక్కటే తీయండి."

నచ్చజెప్పాలి. మెత్తబడదనీ, వయసు మళ్లిన కుక్కకు పౌరుషం అక్కడ ఉండదనీ కూర్చోబెట్టి చెప్పాలి. నాకు ఓపిక లేకపోయింది. సరేనన్నాను.

దూదికి క్లోరోఫారం అద్ది మూతి దగ్గర పట్టాను. తల ఆయనే ఒళ్లో పెట్టుకున్నాడు. గడ్డ కోసి, కుట్లు వేసి, చిన్న ముక్క మందునీళ్ల సీసాలో వేసి పరీక్షకు మద్రాసు పంపించాను. నెల దాటాక జవాబొచ్చింది. చెడ్డ రకం కాదు, విత్తులుంటే తిరిగి వస్తుంది. ఈసారి రాచర్ల పోయినప్పుడు చెబుదామని ఆ ఉత్తరం జేబులో పెట్టుకున్నాను. రాచర్ల రెండుసార్లు పోయాను. రెండుసార్లూ టీకాలు వేసి, పొద్దుగూకకముందే ఇల్లు చేరాలని తిరిగొచ్చేశాను.

మరుసటేడు ఆయన మళ్లీ వచ్చాడు. కుక్కను గొర్రెపిల్లలాగా మెడమీద వేసుకుని అంత దూరం నడిచాడు. ఈసారి రెండు గడ్డలు. ఒకటి ఆసనపు కండకు మరీ దగ్గర, కోస్తే ఆ కండ తెగి దొడ్డికి పట్టు ఉండదు.

"మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది పెద్దాయనా. తిరిగి వస్తుందని రాసినారు. నేనే చెప్పలేదు," అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. "నేను వద్దంటే నువ్వు ఇన్నావు. నాకేం తెలుస్తాది నాయనా? చదువుకున్నోడివి, కసిరైనా చేసుండాల్సింది," అన్నాడు.

నేను చేతులు కడుక్కుని క్లోరోఫారం సీసా తీశాను.

ఆరోజు విత్తులు తీశాను, బయటి గడ్డ కోశాను, విత్తులు పోతే దానంతటదే తగ్గవచ్చని కండ దగ్గరిదాన్ని ముట్టుకోలేదు. ఈగలు వాలకుండా వేపనూనె రాయమన్నాను. మూడు నెలలకు, ఎవరూ పిలవకపోయినా, నేనే రాచర్ల పోయాను. మంద చేను గట్టున ఆగి ఉంది. తోకెత్తబోతే కుక్క పళ్లు చూపించింది. ఆయన దాని మూతి పట్టుకున్నాడు. కోయకుండా వదిలేసిన గడ్డ కందిగింజంతకు కుంచించుకుపోయి, పొడిగా ఉంది.

"మానినట్లేనా?"

"మానినట్లే."

ఆయన ముంతలో మజ్జిగ ఇచ్చాడు. గట్టుమీద కూర్చుని తాగాను. సంతోషంగానే ఉంది కానీ లేవబుద్ధి కాలేదు. అవతలి ఊళ్లో టీకాలకు పశువులను తోలిపెట్టి ఎదురుచూస్తుంటారు. కాసేపుండి సైకిలెక్కాను.