మా మెషిన్ విప్పి వెళ్లిపోయిన చాచా

మొన్న శుక్రవారం పొద్దున్నే మసీదు మైకులో చాచా పోయిన కబురు చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ వేళకు మా వాషింగ్ మెషిన్ ఆయన దుకాణంలో వెల్లకిలా పడి ఉంది. మోటారు ఒకచోట, బెల్టు ఒకచోట, మూత ఇంకోచోట. మా అమ్మ “అయ్యో అన్నా” అని గడపలోనే కూలబడింది. మెషిన్ సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. నాకు వచ్చింది. మర్యాదస్థుణ్ని కాబట్టి సాయంత్రం దాకా బయటపెట్టలేదు.

అమ్మ అన్నా అని పిలిచేది కాబట్టి వరస ప్రకారం ఆయన నాకు మామ కావాలి. కానీ మార్కాపురంలో మా వీధి మొత్తానికీ ఆయన చాచానే. కన్న కంపెనీలే మరిచిపోయిన మెషిన్లకు ఆయన పెద్ద దిక్కు. ఒక పక్క ఉతికే తొట్టి, ఇంకో పక్క పిండే తొట్టి ఉండే పాత రకం. అవతల పారేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. కొత్తవాటికి కుళాయి కావాలి. మా వీధికి ట్యాంకరు వస్తుంది. పాతదాంట్లో అయితే బకెట్టుతో నీళ్లు పోసి, తెల్లబట్టలు ఉతికిన నీళ్లలోనే రంగుబట్టలు, ఆ తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టలు ఉతికి, మిగిలినవాటితో బండలు కడుక్కోవచ్చు. ఇంత సంసారపక్షం కొత్త మెషిన్లకు చేతకాదు.

వీటికి సామాను ఎక్కడా దొరకదు. అందుకని చాచా గిద్దలూరు, కంభం పాతసామాన్ల దుకాణాలు తిరిగి చచ్చిన మెషిన్లను తెచ్చి వాటి అవయవాలు దాచేవాడు. ఆయనకో పద్ధతి ఉండేది. ఏది బిగించినా, అది ఏ ఇంటిదో చెప్పకుండా వదిలేవాడు కాదు.

“చెల్లెమ్మా, ఈ టైమరు తర్లుపాడు టీచరమ్మోళ్లది. ఆమె మెత్తగా తిప్పేది. నువ్వు గడియారానికి కీ ఇచ్చినట్ల పీకబాక.”

ఆ టీచరమ్మను అమ్మ ఎన్నడూ చూడలేదు. అయినా సాయంత్రం ప్రార్థనలో ఆమె పేరిట కూడా ఒక మాట చేర్చేది. అట్లా మా మెషిన్‌కు మాకంటే ఎక్కువమంది చుట్టాలు అయ్యారు.

ఒకసారి చాచా భార్య, మా చాచీ మెషిన్‌లో పని అయిపోయిందని చెప్పే బెల్లు పోయింది. అటువంటిది దొరక్క, ఆటోకు పెట్టే రివర్స్ హారన్ బిగించాడు. మొదటిసారి అది మోగేసరికి వీధిలో పోయేవాళ్లంతా గోడకు అంటుకుని వెనక్కి చూశారు.

“ఏంది చాచా ఇది?” అన్నాను.

“బెల్లే గదరా. వినపడిందా లేదా?”

“వినపడింది. మా నాయన సైకిలుతో సహా కాలవలో దిగినాడు.”

“అయితే బాగానే పనిచేస్తాంది.”

బాగుచేసిన మెషిన్‌ను ఇంట్లో పెట్టాక కాళ్ల కింద పలక ముక్కలు వేసి సమం చేసేవాడు. పలకల ఊరు కదా, రకరకాల మందాల ముక్కలు ఆయన జేబులో ఎప్పుడూ ఉండేవి. మెషిన్ నెత్తిన గ్లాసు నిండా నీళ్లు పెట్టి తిప్పేవాడు. తొణికితే ముక్క మార్చేవాడు. తొణక్కపోతే ఆ నీళ్లే తాగి లేచేవాడు. రంజాన్ నెలలో మాత్రం గ్లాసు నాకిచ్చేవాడు. “నా వంతు నువ్వు తాగురా. లేకుంటే పని అయినట్ల కాదు.”

ఈసారి మా మెషిన్‌కు పోయింది గేర్‌బాక్సు. చర్చి మెట్ల మీద జారి అమ్మ కుడి మణికట్టు విరిగింది. అతికింది గానీ తడి దుప్పటి పిండలేదు. ఆ సంగతి తెలుసు కాబట్టి చాచా అందరికీ ఫోన్లు చేశాడు, తిరగని చోటు లేదు. చివరికి తేలిందేమిటంటే, ఆయనకు తెలిసినంతలో ఆ రకం గేర్‌బాక్సు ఒక్కటే బతికుంది. అది చాచీ మెషిన్‌లో.

“తీసియ్యి చెల్లెకు. నా చేతులు బాగానే ఉండాయి గదా” అంది చాచీ.

“నీ మెషిన్ విప్పితే నువ్వు నన్ను విప్పుతావు.”

చాచీ నవ్వింది. ఆయన మాత్రం చాచీ వంకా, అమ్మ వంకా మార్చి మార్చి చూసి, “రేపు చూద్దాం” అన్నాడు. దొరకదు అనే మాట చాచా నోట నేను వినలేదు. దాని బదులు ఈ మాటే అనేవాడు. ఆ రేపే శుక్రవారం.

మూడో రోజు ఫాతెహా ప్రార్థనలు అయ్యాక చాచీ నా చేతిలో స్క్రూడ్రైవరు పెట్టింది. “ఆయన మీకే ఇయ్యాలనుకున్నాడురా. విప్పి తీసుకపో.”

నేను డిగ్రీ పాసైనవాణ్నే. చాచీ మెషిన్ ముందు గంభీరంగా కూర్చుని ఒక మర విప్పాను. లోపలికి చూశాను. మళ్లీ బిగించాను. ఫోనులో వెతికితే గేర్‌బాక్సు ఫొటో వచ్చింది, దాని కింద స్టాక్ లేదని వచ్చింది. షోరూము మెకానిక్‌ను పిలిస్తే, దుకాణంలో పరుచుకున్న మా మెషిన్‌కు దండం పెట్టి వెళ్లిపోయాడు.

అమ్మ నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. “వద్దు వదినా. ఇది కూడా విప్పితే బిగించేదెవరు? ఉండేదొక్కటీ పోతాది.”

చాచీ ఆ స్క్రూడ్రైవరు అందుకుని పక్కన పెట్టింది. తర్వాత, “అయితే నీ బట్టలు ఈడికే తెచ్చుకో” అంది.

ఇప్పుడు అమ్మ ఆదివారం తెల్లచీర, చాచా విడిచిన చొక్కాలు ఒకే నీళ్లలో ఉతుకుతున్నారు. చాచా ఆఖరి స్నానానికి చోటు చేయడానికి ఆ మెషిన్‌ను పక్కకు లాగినప్పుడు కాలి కింద పలక ముక్క పగిలింది. ఎన్ని ముక్కలు మార్చినా నా వల్ల కావడం లేదు. నేను పెట్టిన గ్లాసులో నీళ్లు సగం నేలమీదే. బట్టలు పిండేటప్పుడు మెషిన్ గడగడ వణుకుతూ గుమ్మం వైపు నడుస్తుంది. అందుకని అమ్మ ఒక పక్క, చాచీ ఒక పక్క కూర్చుని రెండు చేతులా దాన్ని పట్టుకుంటారు.

నిన్న పిండడం అయిపోయి హారన్ మోగింది. వీధిలో పోయేవాళ్లు అలవాటుగా గోడవైపు జరిగి, దారి వదిలి, వెనక్కి చూశారు. ఏమీ రాలేదు. మెషిన్ ఆగిపోయింది. వాళ్లిద్దరూ దాని మీది చేతులు ఇంకా తీయలేదు.