చీపురు పట్టని రెండు రోజులు

ఎవరైనా ఊరికి బయలుదేరితే, చేరినట్టు కబురు వచ్చేదాకా మా అత్తమ్మ ఇల్లు ఊడ్వనివ్వదు. సూరత్‌లో, మా గోడాదరా ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కింద అంతస్తులో మరమగ్గాలు. పొద్దుటి నుంచీ దారపు నుసి పైకి లేచి గిన్నెల మీద, దిండ్ల మీద, చివరికి దేవుడి పటాల మీద కూడా వాలుతుంది. మామూలు రోజుల్లో నేల మీద పోగు కనిపించినా అత్తమ్మ నోరు ఆగదు. ఆ నోటికి జడిసే నేను పూటపూటకూ ఊడుస్తాను. అలాంటి మనిషి, నేను సిరిసిల్లలో పుట్టింటికి వెళ్తే మాత్రం, రైలూ బస్సూ కలిసి ఒక రాత్రీ ఒక పగలూ చీపురు ముట్టదట. పక్కింటామె చెప్పింది. అత్తమ్మ నాతో ఎప్పుడూ అనలేదు.

మొన్నటి ఎండాకాలం మగ్గాలకు పని తగ్గి, మా ఆయన రెండేళ్ల ఒప్పందం మీద దుబాయికి వెళ్లాడు. సూరత్ నుంచే విమానం. దూరం మా ఊరికి దాదాపు రెండింతలు, ప్రయాణం మాత్రం మూడు గంటలేనని ఆయనే ఫోన్‌లో చూసి చెప్పాడు.

"జర నిమ్మలంగుండు. గింత పక్కకే పోతున్న," అన్నాడు నాతో.

పక్కకే అయితే రెండేళ్లెందుకని అడుగుదామనుకున్నాను. ప్రయాణమయ్యే మనిషితో పెడసరం ఎందుకని ఊరుకున్నాను.

పొద్దున్నే నిలబడే సర్వపిండి తిని, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. నేను ఏడవలేదు. నేను ఏడిస్తే అత్తమ్మను ఎవరు పట్టుకుంటారు? నేలంతా టేపు ముక్కలు, పెట్టెకు కట్టగా మిగిలిన తాడు కొసలు, రాలిన సర్వపిండి పలుకులు.

మా మధ్యాహ్నం అన్నాలు కాకముందే ఫోన్ వచ్చింది. "చేరిన. ఎండ మన సూరత్ లెక్కనే ఉన్నది."

నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. మా ఊరికి రైల్లో వెళ్తే ఇప్పుడు నందుర్బార్ దాటి ఉంటాడు, ఇప్పుడు భుసావల్‌లో చాయ్ తాగుతుంటాడు అనుకుంటూ మనసు కూడా వెనకాలే పోయేది. ఇప్పుడు నా మనసు గడప కూడా దాటలేదు, మనిషి సముద్రం దాటేశాడు.

ఆ కోపంతోనే చీపురు తీశాను. అత్తమ్మ వచ్చి పట్టుకుంది.

"ఆగు."

"చేరిండు గద అత్తమ్మా. నీ ముందటనే మాట్లాడిండు."

"విమానం చేరింది. మన ఊరికి పోవాల్నంటెనే ఒక రాత్రి, ఒక పగలు. గిది దానికి రెండింతలు అంటిరి. నా లెక్కల నా కొడుకు ఇంక తొవ్వలనే ఉన్నడు. ఉండనీ."

రెండు రోజులు చీపురు కదల్లేదు. టేపు ముక్కల మీద నుసి తెల్లగా పేరుకుంది. సర్వపిండి పలుకులకు చీమలు పట్టాయి. పోగు కనిపిస్తే ఓర్చుకోలేని మనిషి, వాటిని తొక్కకుండా చూసుకుంటూ దాటుకుని తిరిగింది. నేనూ అలాగే తిరిగాను.

మూడో రోజు పొద్దున ఆయన ఫోన్ చేసి ఏం చేస్తున్నారని అడిగాడు.

"ఇల్లు ఊడుస్తున్నం. నువ్వు ఇప్పుడే చేరినవు గద బిడ్డా," అంది అత్తమ్మ.

"మొన్ననే చేరిన గదనే అవ్వా," అని ఆయన నవ్వాడు.

అత్తమ్మ ఫోన్ పెట్టేసి, చీపురు నా చేతికిచ్చి, చేట పట్టుకుని ఎదురుగా కూర్చుంది. తాడు కొసల దాకా వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"నిమ్మలంగ ఊడువు," అంది. "తొందరేం లేదు."