ఖేడూత్ ఎవరని అడిగాను

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. సూరత్‌లో మాదొక చిన్న మహిళా బృందం. సముద్రపు ఉప్పు ఎక్కిన పొలాల్లోనూ పండే వరి విత్తనాన్ని పల్లెల్లోని ఆడవాళ్లకు ఇస్తాం, వాన కబుర్లు ముందుగా ఫోన్‌కు పంపుతాం. తొలకరికి ముందు ఓల్‌పాడ్ అవతల ఒక ఊళ్లో పేర్లూ ఫోన్ నంబర్లూ జాబితా రాసింది నేనే. అక్కడ మొదటి విత్తనం జశుబెన్‌కు ఇచ్చాం. భర్త నగరంలో మగ్గాల మీద పనిచేస్తుంటే రెండు వీఘాల పొలాన్ని, అంటే ఎకరం పైచిలుకుని, ఒంటిచేత్తో చేసే మనిషి ఆమె. ఆ పంట నుంచే మరో ఎనిమిది ఇళ్లకు విత్తనం అందాలి. దీపావళి వెళ్లాక అకాల వాన పడింది. ఆమె కోసిన వరి పొలంలోనే తడిసిందని తెలిసి, ఇంట్లో కూర్చోలేక బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు పర్వత్ పాటియాలో మల్లేశం ఆటో ఎక్కాను. రానూపోనూ పన్నెండు వందలకు ఒప్పుకున్నాడు. వాళ్ల నాన్న తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చాడట, ఇతను ఇక్కడే పుట్టాడు. గుజరాతీ నాకంటే వందరెట్లు నయం. తాపీ నది దాటి అమ్రోలిలో వేడివేడి శనగపిండి లోచో తిన్నాం. నాకు సయించలేదు. "జర తినక్కా, ముందట ఏం దొరకది" అని కసిరి తినిపించాడు. ఓల్‌పాడ్ దాటాక రోడ్డు పాడైంది, రెండు పక్కలా పడిపోయిన వరి. తొమ్మిది దాటాక ఊరు చేరాం.

జశుబెన్ వాకిట్లో తడి వడ్లు ఆరబోస్తోంది. నన్ను చూసి గుప్పెడు తీసి చూపించింది. ప్రతి గింజకూ తెల్లటి మొలక. లోపలికెళ్లి టీ పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

"కబురు రాలేదా?" అని అడిగాను. ఆమె చెప్పింది మల్లేశం నాకు తెలుగులో చెప్పాడు.

"వచ్చిందంట అక్కా, ఆమె పెనిమిటి ఫోన్‌కు. నేనూ చేసిన గదా మగ్గాల పని, గా చప్పుడుల ఫోన్ మోగినా ఇనరాదు. డ్యూటీ దిగి ఫోన్ జేసేసరికి ఈడ వాన షురువైంది. ఆయన నంబర్ ఎవరు రాసిన్రు?"

అమాయకంగానే అడిగాడు. రాసింది నేనే.

ఖేడూత్ అంటే రైతు. జాబితా రాసిన రోజు నా వచ్చీరాని గుజరాతీలో "ఇక్కడ ఖేడూత్ ఎవరు?" అని అడిగాను. వాళ్ల లెక్కలో భూమి కాగితంలో పేరున్నవాడే ఖేడూత్. ఆమె నవ్వి భర్త నంబరు చెప్పింది. చేతిలో పార, మోచేతుల దాకా మట్టి, నడుముకు దోపుకున్న తన సొంత ఫోను అన్నీ నా కళ్లెదుటే ఉన్నాయి. పైన 'మహిళా రైతులు' అని దర్జాగా శీర్షిక పెట్టి, కింద మగవాడి నంబరు రాశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పుస్తకం తీశాను. "ఈసారి మీ నంబరే రాస్తాను" అన్నాను. ఆమె నెమ్మదిగా ఏదో చెప్పింది. మల్లేశం వైపు చూశాను.

"ఏమంది?"

"భూమి రొయ్యల చెరువుకు ఇచ్చేసిండంట ఆయన. గీమెను ఒక్క మాట గూడ అడగలే. ఇగ వద్దు బెన్, కాగితం ఎందుకు ఖరాబ్ జేసుకుంటవ్ అంటుంది."

ఉప్పునీళ్లు నింపాక ఆ మడిలో మళ్లీ వరి పండించడం కష్టం. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. చీరలకు రాళ్లు కుట్టే పనికి నగరానికి వస్తుందట.

తిరుగుదారంతా అదే ఆలోచన. గుజరాతీ మాటను తప్పుపట్టి ఏం లాభం, మన తెలుగులో మాత్రం? పొద్దంతా మడిలో ఉండే ఆడమనిషిని పొలం పనికి వెళ్తుందంటాం, మొగుడికి సాయం చేస్తుందంటాం. రైతు అనడానికి నోరు రాదు. నాకూ రాలేదు, ఆడదాన్నయి ఉండి. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

అటువైపు జాబితాలు పట్టుకుని వెళ్లేవారికి ఒకే సలహా. ఖేడూత్ ఎవరని అడగకండి. రేపు వానొస్తే కుప్ప మీద టార్పాలిన్ కప్పడానికి పరుగెత్తేది ఎవరని అడగండి. ఆ మనిషి పేరూ నంబరూ రాసుకోండి, పొలం ఇంకా పొలంగా ఉండగానే.