పాడైపోయింది అంటే చాలదు

టీచర్ చనిపోయారు. మొన్న మంగళవారం పొద్దున నేను న్యూ లిన్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే వాళ్లమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అమ్మ ఈ ఉదయం చనిపోయింది. నొప్పి పడలేదు. కిటికీ తెరిచే ఉంచాం." అంతే. చావు గురించి చెప్పడానికి ఇంగ్లీషులో మెత్తటి మాటలు బోలెడున్నాయి. ఆ అమ్మాయి ఒక్కటీ వాడలేదు. తల్లి పెంపకం అనుకున్నాను. ఒకసారి క్లాసులో నేను చేపలు "పాస్డ్ అవే" అన్నానని టీచర్ కళ్లజోడు తీసి పక్కన పెట్టి మరీ నవ్వారు. "చచ్చిపోయాయి అను. అలా అంటేనే ఎందుకు చచ్చిపోయాయని ఎవరైనా అడుగుతారు" అన్నారు.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, పాపం. క్లాసు వాట్సాప్ గ్రూప్‌లో ఆర్.ఐ.పి. అని పెట్టెయ్" అన్నాడు. పెట్టలేదు. మాటలు నేర్పిన మనిషి పోతే మూడక్షరాలు పడేసి ఆఫీసుకి వెళ్లిపోవడం నాకు చేతకాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఒంగోలు పిల్లని. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఎం.కామ్. ఇంగ్లీషు పేపరు చదివితే అర్థమవుతుంది, ఎదురుగా మనిషి మాట్లాడితే నెట్టుకొస్తాను. ఫోన్ మోగితే మాత్రం ఎత్తేదాన్ని కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో డాక్టర్ అపాయింట్‌మెంట్ నుంచి గ్యాస్ సిలిండర్ దాకా అన్ని ఫోన్లూ మా ఆయనే చేసేవాడు. నేను పక్కన నిలబడి ఏం చెప్పాలో తెలుగులో గుసగుసలాడేదాన్ని. ఇలా ఎన్నాళ్లని ఆయనే విసుక్కుని లైబ్రరీలో గురువారం మధ్యాహ్నం జరిగే ఉచిత ఇంగ్లీషు క్లాసుకి నన్ను తోలాడు.

అక్కడ ఉన్నారు టీచర్. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పొట్టి జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు గమ్‌బూట్లు, ఎండకి కందిన ముక్కు. పేరు పెట్టి పిలవమన్నారు. తల్లి వయసు ఆవిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మేడమ్ అంటే ఆవిడకి ఒళ్లు మంట. చివరికి టీచర్ అన్న పిలుపు దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

మిగతా చోట్ల బ్యాంకులో ఎలా మాట్లాడాలి, దుకాణంలో ఎలా అడగాలి అని నేర్పుతారట. ఈవిడ మొదటి రోజే బోర్డు మీద రాసిన మాటలు లీక్, స్పిల్, డంప్. నాతోపాటు ఇద్దరు చైనా తాతగార్లు, ఒక కొరియా అమ్మాయి ఉన్నారు. అందరం మొహాలు చూసుకున్నాం. టీచర్ అన్నారు, "రొట్టె కొనుక్కోవడానికి మీకు నేనక్కర్లేదు. వేలు చూపిస్తే ఇస్తారు. వాగులో పెయింట్ పోతోందనుకోండి, ఫోన్ చెయ్యాలి. ఫోన్లో మీ వేలు ఎవరికీ కనబడదు."

తర్వాత మా మా భాషల్లో ఇలాంటివాటికి ఏమంటారని అడిగారు. నేను ఆలోచించాను. మా ఇంట్లో పాలు విరిగినా పాడైపోవడమే, పక్కింటి కుర్రాడు తాగుడు మరిగినా పాడైపోవడమే, మా గుండ్లకమ్మ ఏట్లో నీళ్లు నురగలు కక్కినా పాడైపోవడమే. అదే చెప్పాను. ఆవిడ పడీ పడీ నవ్వి, "బాగు చేసేవాడికి అది చాలదమ్మాయ్" అన్నారు. దానంతట అదే కారితే లీక్. చెయ్యి జారితే స్పిల్. చూసి చూసి కావాలని పోస్తే డంప్. నష్టం ఒకటే కావచ్చు, మనిషి పాత్ర వేరు. తెలియకపోతే తెలియదని చెప్పాలి, చూసింది మాత్రమే చెప్పాలి. మట్టి కోతకి ఎరోజన్, అడుగున పేరుకునే బురదకి సెడిమెంట్, నేల మీంచి కొట్టుకొచ్చే వాననీటికి రన్ఆఫ్, ఇవన్నీ ఆ తర్వాత వచ్చాయి. నాకు అవి జబ్బుల పేర్లలా వినిపించేవి.

కానీ టీచర్‌కి ఒక గట్టి నియమం ఉండేది. ఏది చెడిపోవడం గురించి మాట నేర్చుకోవాలో, ముందు అది బాగున్నప్పుడు చూడాలి. చూడకుండా మాట ఇచ్చేవారు కాదు. గట్టు కోసుకుపోవడం నేర్పే ముందు గడ్డి వేళ్లు గట్టును ఎలా పట్టుకుంటాయో చేతులతో తడిమి చూపించారు. కౌరీ అనే ఇక్కడి మహావృక్షాల తెగులు గురించి చెప్పే ముందు మమ్మల్ని బస్సెక్కించి అడవికి తీసుకెళ్లారు. అక్కడ దారి మొదట్లో బూట్లు బ్రష్‌తో తోమి, వాటి మీద క్రిములు చచ్చే మందు చల్లుకుని లోపలికి వెళ్లాలి. మన కాలికి అంటిన మట్టితో తెగులు పాకుతుందట. అది చదివి అర్థం చేసుకునేలోపే నేను చెప్పులు విప్పి పక్కన పెట్టేశాను. గుడికి వెళ్లినప్పటి అలవాటు. టీచర్ నా ఉత్త కాళ్లకేసి చూసి, "మీ ఊళ్లో అడవిలోకి ఇలా వెళ్తారా?" అన్నారు. "గుడిలోకి" అన్నాను. ఆవిడ నా చెప్పులు తీసుకుని, వంగి, రెండూ తనే శుభ్రంగా తోమి నా కాళ్ల ముందు పెట్టారు. పెద్దావిడ చేత చెప్పులు ముట్టించానని నాకు చచ్చేంత సిగ్గేసింది. అయితే లోపలికి వెళ్లి ఆ చెట్టు ముందు నిలబడ్డాక సిగ్గు కూడా గుర్తులేదు. కొమ్మ లేకుండా అలా పైకి వెళ్తూనే ఉంది. నేను దండం పెట్టాను. చైనా తాతగార్లలో ఒకరు టోపీ తీశారు. అప్పుడు చెప్పారు టీచర్ మెల్లగా, "డైబ్యాక్." చెట్టు కొసల నుంచి కిందికి ఎండుకుంటూ చచ్చిపోవడం. ఆ మాట నాకు మళ్లీ చదువుకోవాల్సిన అవసరం రాలేదు.

మా ఇళ్ల వెనకాల, కార్ పార్కింగ్ గోడ దాటితే ఒక వాగుంది. నేను దాన్ని మురుగు కాలవ అనుకున్నాను. టీచర్ ఒకరోజు పిల్లి తినే చేప ముద్ద డబ్బా, ఒక చెంచా పట్టుకొచ్చి నన్ను గట్టు మీద పెద్ద ఆకుల ఫెర్న్‌ల కింద కూర్చోబెట్టారు. చెంచాతో నీటి మీద తట్టారు. నల్లటి నీళ్లలోంచి ఇంకా నల్లటిది ఒకటి కదిలింది. మలుగు పాము. పేరుకే పాము, నిజానికి పొడుగాటి చేప. నా తొడంత లావు. తొందర లేకుండా వచ్చి, చెంచాలో ముద్ద ముద్దుగా అందుకుని, నా వంక చూసింది. మా అమ్మమ్మ వయసు ఉండొచ్చట దానికి. ఇవి సముద్రంలోనే పుడతాయి, టోంగా దీవుల అవతల ఎక్కడో. గాజులా పారదర్శకంగా ఉండే పిల్లలు ప్రవాహంలో కొట్టుకొచ్చి ఈ వాగులెక్కుతాయి. దశాబ్దాల పాటు ఇక్కడే బతుకుతాయి. ఒక శరత్కాలంలో వాన బాగా పడ్డప్పుడు తిండి మానేసి, కళ్లు పెద్దవి చేసుకుని, వచ్చిన దారినే సముద్రానికి వెళ్లిపోతాయి. గుడ్లు పెట్టి అక్కడే చనిపోతాయి. నేను ఆ పార్కింగ్‌లో రోజూ కారు పెడుతున్నాను. గోడకి అవతల ఇంత కథ ఉందని నాకు తెలియదు. ఆ సాయంత్రం వంట చేస్తూ రెండుసార్లు గోడ దాకా వెళ్లి వచ్చాను.

అయితే ప్రతిదాన్నీ నష్టమనుకున్నా ఒప్పుకునేవారు కాదు. వేసవి చివర్లో దారి పొడుగునా, చెట్ల మీద రోజంతా అరిచే ఇలకోడి పురుగులు చచ్చిపడి ఉంటే నేను గొప్పగా "పొల్యూషన్" అన్నాను. టీచర్ ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. "పాడింది, జతకట్టింది, అయిపోయింది. ఇది హాని కాదు, దాని సమయం. ఫోన్ చేసే ముందు ఈ రెంటికీ తేడా చూసుకో" అన్నారు.

నేను ఫోన్ చెయ్యాల్సిన రోజు రానే వచ్చింది. కూరగాయల సంచీతో వస్తూ గోడ మీంచి చూశాను కదా, వాగు తెల్లగా ఉంది. బియ్యం కడిగిన నీళ్లలా. చిన్న చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పెద్దదాని జాడ లేదు. టీచర్‌కే ఫోన్ చేశాను, "మీరు సిటీ కౌన్సిల్‌కి చెప్పండి, ప్లీజ్" అని. ఆవిడ అప్పటికే ఆయాసంతో ఇంట్లోనే ఉంటున్నారు. "నేను అక్కడ లేను. నువ్వున్నావు. చూసినవాళ్లే చెప్పాలి" అని పెట్టేశారు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ నేను నోరు విప్పకపోతే ఆ ముసలి ప్రాణి పోతుంది. కౌన్సిల్ నంబర్ నొక్కాను.

అవతల అతను అడిగాడు, ఏ రంగు, వాసన ఉందా, ఎక్కడ్నుంచి వస్తోంది, చచ్చినవి ఉన్నాయా? ప్రతి ప్రశ్నకీ నా దగ్గర మాట ఉంది. గురువారాలన్నీ వరసగా వచ్చి నా నాలుక మీద నిలబడ్డాయి. లీకా, డంపా అంటే, "తెలియదు. చూసింది చెప్తున్నాను. రోడ్డు డ్రెయిన్ పైపులోంచి తెల్లగా వస్తోంది" అన్నాను. "మనిషిని పంపిస్తున్నాం, అక్కడే ఉంటారా?" అన్నాడు. ఉంటాను అన్నాను. కూరగాయల సంచీ అక్కడే పెట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను.

వచ్చినవాళ్లు డ్రెయిన్ వెంట పైకి వెళ్లి చూస్తే అది మా వీధిలోనే ఉండే తెలుగు ఆంటీ గారి ఇల్లు. వాళ్లు వాకిట్లో కాంక్రీట్ వేయించుకుంటున్నారు. పనివాళ్లు మిక్సర్ కడిగి రోడ్డు డ్రెయిన్‌లో పోశారు. అది మురుగునీటి శుద్ధికి పోతుందని ఆంటీ అనుకున్నారు, ఆ రోజు దాకా నేనూ అలాగే అనుకున్నాను. నేరుగా వాగులోకే పోతుంది. సిమెంటు నీళ్లు చేపల మొప్పల్ని కాల్చేస్తాయి. కౌన్సిల్ వాళ్లు ఇసక సంచులు అడ్డం వేసి ఆ నీళ్లు తోడేశారు. ఆంటీ గారికి గట్టి హెచ్చరిక వచ్చింది.

మేం వచ్చిన కొత్తలో మాకు రైస్ కుక్కర్ ఇచ్చి, వారం వారం గోంగూర పంపిన మనిషి ఆవిడ. మర్నాడు గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, మనోళ్ల మీదే కంప్లైంటు పెట్టావంట? ఒక్క మాట నాకు చెప్తే పోయేది కదా!" అన్నారు.

"ఎవరి పేరూ చెప్పలేదు ఆంటీ. మీరని నాకసలు తెలీదు. నీళ్లు తెల్లగా ఉన్నాయని చెప్పా. అందులో మలుగు పాములున్నాయి."

"ఆ పాముల కోసమా ఇదంతా?" అని వెళ్లిపోయారు. గోంగూర ఆగిపోయింది. మా ఆయన కూడా "నీకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. నాకు నిద్ర పట్టేది కాదు. పెద్దది కనబడక కొంత, ఆంటీ మొహం తిప్పుకోవడం వల్ల ఇంకొంత.

టీచర్‌కి చెప్పుకున్నాను. ఆవిడ అడిగింది ఒకటే. "ఆవిడ ఆ వాగు చూసిందా?"

"లేదు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నా చూళ్లేదు."

"అయితే ఆవిడకి ఇంకా ఏమీ పాడవలేదు. ముందు చూపిద్దాం."

ఒక శనివారం ఆయాసపడుతూ కర్ర పట్టుకుని తనే వచ్చారు. ఆంటీ తలుపు తట్టి, కాంక్రీట్ ఊసెత్తకుండా, మీకొకటి చూపించాలని ఉందని బతిమాలారు. పెద్దావిడ మాట కాదనలేక ఆంటీ వచ్చారు. టీచర్ చెంచా చేతికిస్తే ఆంటీ నా వైపు తిరిగి, "ఇందులో చేప ఉందామ్మా? ఇవాళ శనివారం, ముట్టను" అన్నారు. అంతలో నీళ్లు కదిలాయి. ఆ సిమెంటు నీళ్లకి బతికిందో లేదోనని నేను వారాలుగా కుమిలిపోతున్న ఆ నల్లటి పెద్దది, తీరిగ్గా ఫెర్న్‌ల కిందనుంచి వచ్చింది. నేను గట్టిగా ఏడ్చేశాను. ఆంటీ నోరు తెరుచుకుని చూస్తున్నారు. శనివారం సంగతి ఎప్పుడు మర్చిపోయారో, వంగి చెంచా ముందుకు చాపారు. అది అందుకుంది. "అమ్మ తల్లీ" అన్నారు ఆంటీ. దీన్ని మీ భాషలో ఏమంటారని టీచర్ అడగలేదు.

గోంగూర మళ్లీ మొదలైంది. తర్వాత టీచర్ మంచం దిగలేకపోయారు. నేను వాగు దగ్గర్నుంచి ఫోన్ చేసేదాన్ని. ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా. "చెప్పు, ఏం చూశావు?" అనేవారు ఎత్తగానే. ఫోనంటే వణికిన నేను ఆవిడకి గంటలు గంటలు వాగు సంగతులు చెప్పేదాన్ని. పోయిన నెల, "పెద్దది ముద్ద పెడితే తినట్లేదు, కళ్లు ఉబ్బినట్టున్నాయి, జబ్బేమో" అని కంగారుగా చెప్పాను. ఆ మరుసటి వారం అసలు కనబడలేదు. నీళ్ల రంగడిగారు. శుభ్రంగా ఉన్నాయన్నాను. వాసన లేదన్నాను. చచ్చినవి లేవన్నాను. "వాన పడిందా?" అన్నారు. బాగా పడిందన్నాను. అవతల చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. నవ్వుతున్నారని తర్వాత అర్థమైంది. "ఓ, మంచిది" అన్నారు. నాతో ఆవిడ ఆఖరి మాట అదే.

మంగళవారం నేను ఆఫీసుకి వెళ్లలేదు. స్టేషన్‌నుంచి తిరిగి నడుచుకుంటూ వాగు దగ్గరికి వచ్చాను. ఆంటీ అప్పటికే అక్కడ ఉన్నారు, పిల్లి తిండి డబ్బా చేతిలో పట్టుకుని. నా మొహం చూసి, "ఏమైందమ్మా? టీచరమ్మకి ఎలా ఉంది? ఈ పెద్దది కూడా ఇన్నాళ్లుగా రావట్లేదు. ఇదీ పోయిందా ఏంటి?" అన్నారు.

"టీచర్ చనిపోయారు ఆంటీ" అన్నాను. "పెద్దది సముద్రానికి వెళ్లింది."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని నా పక్కన కూర్చున్నారు. కాసేపటికి చెంచాలో కాస్త ముద్ద తీసి, నీటి మీద టీచర్ తట్టినట్టే రెండుసార్లు తట్టి, చెయ్యి అలాగే చాపి ఉంచారు.